మగ్గుకి క్రోషియా తొడుగు: పిడి దగ్గర ఎలా కలపాలండీ?

క్రోషియా బాగా తెలిసినవాళ్లు కొంచెం దారి చూపించండి. మా నాన్నగారు టీ తీరిగ్గా తాగుతారు, సగమయ్యేసరికే చల్లారిపోతుంది. అందుకని ఆయన పింగాణీ మగ్గుకి తొడుగు అల్లుతున్నాను. శ్రీకాకుళంలో చలేంటని నవ్వకండి, డిసెంబరు పొద్దున్నే వరండాలో కూర్చుంటే తెలుస్తుంది!

మగ్గు చుట్టుకొలత 26 సెంటీమీటర్లు. 4 మిల్లీమీటర్ల సూదితో మగ్గు ఎత్తుకి సరిపడా గొలుసు వేసి, సింగిల్ క్రోషియా వరసలు అటూ ఇటూ తిప్పుతూ పట్టీలా అల్లుతున్నాను. ప్రతి కుట్టుకీ వెనక పోగులోనే సూది గుచ్చడంతో గాళ్లు గాళ్లుగా వచ్చి, రబ్బరులా సాగుతోంది. మరి చుట్టుకొలత కన్నా ఎంత తక్కువలో ఆపాలి? ఒక సెంటీమీటరు చాలా, రెండా? వదులైతే జారిపోతుందని టెన్షన్.

పిడి కింద అంచులు కలిపి కుట్టేసి, పైన మాత్రం గుండీ, గొలుసు ఉచ్చు పెడదామని ఉంది. ఉతకడానికి తీయడం సులువు. ఒక్క గుండీ ఆగుతుందా? పిడి మధ్యలో ఇంకోటి పెడితే వేళ్లకి అడ్డమేమో.

చేతిలో ఉన్నది యాక్రిలిక్ ఊలు. బాగా వేడి తగిలితే అది మెత్తబడుతుంది కాబట్టి నూలు దారానికి మారమంటారా? పొందూరు పక్కనే ఉన్నా అక్కడి నూలుకి పేరొచ్చిందే సన్నదనానికి, నాకేమో లావుది కావాలి. సన్న దారమే నాలుగు పేటలు కలిపి అల్లినవాళ్లున్నారా? లేదంటే విజయనగరం గంటస్తంభం వైపు లావు దారం ఎక్కడైనా దొరుకుతుందా?