1996 నాటి బోర్డో రెడ్ వైన్ కొనొచ్చా? సీసా చూసి ఎలా తెలుస్తుంది?

అందరికీ నమస్తే. మేం ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో ఉంటాం. మా ఆయన పుట్టింది 1996లో, అందుకే ఆయన పుట్టినరోజుకి అదే ఏడాది బోర్డో ఒకటి తెరవాలని నా ఆశ. ఇక్కడ పాత వైన్లు అమ్మే ఒకాయన దగ్గర షాటో లేయోవిల్ బార్టన్ 1996 ఉంది. బోర్డో ప్రాంతంలోని సెయింట్ జూలియన్ ఊరిది, అక్కడి పేరున్న వైన్లకి 1855లో శ్రేణులిచ్చిన వర్గీకరణలో రెండో శ్రేణి. ఆ ఏడాది ఆ ఊరున్న మెడాక్ వైపు కాబెర్నే సొవిన్యాన్ అనే నల్ల ద్రాక్ష బాగా పండిందని, ఇలాంటివి ఇప్పటికీ నిలబడతాయని చదివాను.

నా టెన్షన్ అంతా ఆ ఒక్క సీసా గురించే. వైన్ మట్టం మెడలో లేదు, సీసా భుజం (మెడ కింద వెడల్పయ్యే భాగం) మొదలయ్యే చోటికి దిగింది. లేబుల్ మీద కాస్త తేమ మరకలున్నాయి కానీ బిరడా పైకి లేవలేదు, కారిన గుర్తులూ లేవు. ఇంత పాతదానికి ఆ మట్టం మామూలేనా, వదిలేసి ఇంకోటి వెతకాలా? ఇన్నేళ్లు ఎక్కడ నిల్వ ఉందని అమ్మేవాళ్లని ఎలా అడగాలి?

ఇంకోటి, మడ్డి అడుగుకి దిగడానికి ఒక రోజు ముందే నిలబెట్టి ఉంచుతాను, అది సరే. డికాంటర్‌లో (మడ్డి సీసాలోనే ఉండిపోయేలా వైన్‌ని మెల్లగా వంచి పోసుకునే గాజు పాత్ర) పోస్తే ముసలి వైన్ వాసన త్వరగా పోతుందని కొందరు, పోయకపోతే మడ్డి గ్లాసులోకి వస్తుందని కొందరు అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు? పక్కన కారం తక్కువేసి వేయించిన పొట్టేలు మాంసం పెడదామనుకుంటున్నా, మసాలా ఘాటుకి వైన్ రుచి తెలియకుండా పోతుందా? తాగి చూసినవాళ్లు చెప్పండి ప్లీజ్.