సలౌలో 21 మందికి బస: హాఫ్ బోర్డ్ హోటలా, వండుకునే అపార్ట్‌మెంట్లా?

రైన్‌తీరం:
అందరికీ నమస్తే. మేము జర్మనీలో ఉండే ఐదు కుటుంబాలం. పెద్దలం పది మందిమి, పిల్లలు ఏడుగురు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు నలుగురు. పెంటెకోస్ట్ సెలవులకి స్పెయిన్‌లోని సలౌ అనుకున్నాం. పిల్లలకి పోర్ట్ అవెంచురా థీమ్ పార్కు పక్కనే, రెయూస్ విమానాశ్రయం కూడా దగ్గర. బీచ్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక త్రీ స్టార్ హోటల్ చూశాం. పొద్దున టిఫిను, రాత్రి భోజనం కలిపి (దీన్నే హాఫ్ బోర్డ్ అంటారు) ధర బాగానే ఉంది. కానీ మాలో సగం మంది తిండి దగ్గర ఇబ్బంది అవుతుంది, అపార్ట్‌మెంట్లు తీసుకుని వండుకుందాం అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

కరివేపాకు:
అపార్ట్‌మెంటే అండి. మేము పూర్తి శాకాహారులం, అందుకే గట్టిగా చెప్తున్నా. ఆ తీరంలో బఫే అంటే వరసగా ఇరవై గిన్నెలు కనిపిస్తాయి. దగ్గరికెళ్లి చూస్తే బీన్స్ కూరలో చిన్న చిన్న హామ్ (పంది మాంసం) ముక్కలు, పచ్చి సలాడ్ మీద ట్యూనా. చివరికి మిగిలేవి బ్రెడ్డు, టమాటా, ఫ్రైస్, పుచ్చకాయ. గుడ్డు తినేవాళ్లకైతే బంగాళాదుంప తోర్తియా (ఆమ్లెట్ లాంటిది) ఉంటుంది. ఒక రోజు సరే, వారమంతా పెద్దవాళ్లు దాంతో ఎలా సరిపెట్టుకుంటారు? మెర్కాదోనా సూపర్‌మార్కెట్‌లో బియ్యం, పెరుగు, కూరగాయలు దొరుకుతాయి. పప్పు, చారుపొడి ఇంటి నుంచి పట్టుకెళ్తే చాలు.

తాటిముంజె:
కరివేపాకు గారూ, తిండి గురించి మీరన్నది నిజమే. కానీ 21 మందికి రెండు పూటలా వండేదెవరు? ఇలాంటి ట్రిప్పుల్లో ఎప్పుడూ చూసేదే చెప్తున్నా. మగవాళ్లు పిల్లల్ని తీసుకుని బీచ్‌కి వెళ్తారు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, వాళ్లతో పాటు ఊరి నుంచి వచ్చిన అత్తగారు, ఆ చిన్న వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఉంటారు. పొయ్యి నాలుగు మంటలదే, గిన్నెలు నలుగురైదుగురికి సరిపోయేవే. సాయంత్రానికి సింకు నిండా అంట్లు. ఇంత ఖర్చు పెట్టుకుని అంత దూరం వెళ్లేది దీనికా? వండేవాళ్లకి కూడా అది సెలవే కావాలి.

ఇంకో సంగతి. స్పెయిన్‌లో బయట హోటళ్లలో రాత్రి భోజనం బాగా ఆలస్యం, తొమ్మిదికి గానీ సందడి మొదలవదు. బీచ్ ఊళ్ల బఫేలు మాత్రం బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ నుంచి వచ్చేవాళ్ల కోసం ముందే తెరుస్తారు. షుగర్ మందులు వేసుకునే పెద్దవాళ్లకి అది చాలా మేలు.

బుక్ చేసే ముందు రెండు విషయాలు తెలుసుకోండి. హాఫ్ బోర్డ్‌లో రాత్రి భోజనంతో పాటు తాగేవి చాలా చోట్ల విడిగా బిల్లు వేస్తారు, మంచినీళ్ల సీసా కూడా. 2022లో వచ్చిన చట్టం ప్రకారం అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా ఇవ్వాలి, మొహమాటపడకుండా అడగండి. రెండోది సలౌ ఉన్న కతలోనియా ప్రాంతపు టూరిస్టు పన్ను. మనిషికి, రాత్రికి ఇంత అని 7 రాత్రుల వరకు తీసుకుంటారు. 16 ఏళ్లు, అంతకంటే చిన్నవాళ్లకి లేదు. ఆన్‌లైన్‌లో చూపించే ధరలో ఇది చాలాసార్లు కలిసి ఉండదు, కౌంటర్ దగ్గర కట్టాలి. అపార్ట్‌మెంట్‌కైనా తప్పదు.

కరివేపాకు:
వంట ఆడవాళ్ల మీదే పడుతుందని ముందే ఎందుకు అనుకోవాలండీ? మా బృందంలో రోజుకో కుటుంబం వంతు, మగవాళ్లే కుక్కర్ పెడతారు. ఒక పులిహోర, ఒక పెరుగన్నం చేస్తే పూట గడిచిపోతుంది. పైగా పోర్ట్ అవెంచురాకి వెళ్లిన రోజు, బార్సిలోనా వెళ్లిన రోజు ఎలాగూ రాత్రికి గానీ తిరిగి రారు. బఫే మూసేస్తారు. తినని భోజనాలకి 21 మంది డబ్బు కట్టినట్టే కదా. దాన్ని చవక అని ఎలా అంటాం?

తాటిముంజె:
ఆ మాట ఒప్పుకుంటా. ముందురోజే రిసెప్షన్‌లో చెప్తే కొన్ని హోటళ్లు భోజనం బదులు ప్యాకెట్ కట్టిస్తాయి, కానీ అందులో వచ్చేది శాండ్‌విచ్, ఒక పండు. అయినా నా అభిప్రాయం మారదు. మీ బృందంలో వంతులు సాగుతున్నాయంటే సంతోషం, అన్ని బృందాల్లో సాగవు.

ఏటిగట్టు:
ఏది తీసుకున్నా డబ్బు విషయం ముందు తేల్చుకోండి. ఒకరి కార్డు మీద అన్ని గదులూ బుక్ చేస్తే, ఒక కుటుంబం ఆగిపోయిన రోజు స్నేహాలు చెడతాయి. గదుల సంఖ్య పెరిగితే చాలా హోటళ్లు దాన్ని గ్రూప్ బుకింగ్‌గా చూస్తాయి. అడ్వాన్సు, రద్దు నిబంధనలు వేరే ఉంటాయి. ఎవరి గది వాళ్లు ఉచిత రద్దు ఉన్న ధరకి బుక్ చేసుకోండి. తర్వాత అందరి బుకింగ్ నంబర్లూ రాసి ఒకే అంతస్తులో ఇవ్వమని హోటల్‌కి మెయిల్ పెట్టండి. పెద్దవాళ్ల గదులు లిఫ్టుకి దగ్గరగా కావాలని అందులోనే రాయండి. అపార్ట్‌మెంట్ అయితే ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి, అది తప్పనిసరి. ఇళ్లు టూరిస్టులకే పోయి అద్దెలు పెరిగాయని అక్కడివాళ్లు రోడ్లెక్కుతున్నారు. లైసెన్సు లేని ఇంట్లో దిగడం మనకి రిస్కు, వాళ్లకి అన్యాయం.

రైన్‌తీరం:
అందరికీ థాంక్స్. అపార్ట్‌హోటల్ అని ఉంటాయి కదా, గదిలోనే చిన్న వంటిల్లు, కింద బఫే. అది తీసుకుంటే?

తాటిముంజె:
మీకు అదే సరిపోతుందనిపిస్తోంది. టిఫిను మాత్రమే కలిపి తీసుకోండి. రాత్రికి పెద్దవాళ్లకి ఒక రైస్ కుక్కర్, పెరుగు. మిగతావాళ్లు బయట ఎక్కడైనా తినొచ్చు.

కరివేపాకు:
దీనికి నేనూ సరే. కానీ అక్కా, ఇంతసేపూ పెద్దవాళ్ల పేరు చెప్పి మనం వాదించుకుంటున్నాం. రైన్‌తీరం గారూ, ఆ నలుగురినీ అడిగారా?

రైన్‌తీరం:
ఇప్పుడే ఫోన్ చేశాను. మా అమ్మ కుక్కర్ వద్దే వద్దంది, వారం రోజులు గరిటె ముట్టుకోదట. మా మామగారికి మాత్రం రాత్రి పెరుగన్నం ఉండాలి. కుక్కర్ బాధ్యత నేనే తీసుకుంటానని చెప్పాను. అపార్ట్‌హోటళ్ల ధరలు ఈ రాత్రి చూసి ఇక్కడే పెడతాను.