జింక వేటకి 50 క్యాలిబర్ మజిల్‌లోడర్‌లో (మూతి నుంచి మందు, బుల్లెట్ దట్టించే తుపాకీ) తుపాకీ మందు ఎంత వేయాలి? 100 గ్రెయిన్లు సరిపోతాయా, 150 కావాలా?

కొత్తలైసెన్స్ (ఒహాయో)
అందరికీ నమస్తే. జనవరి మజిల్‌లోడర్ సీజన్‌కి మొదటిసారి వెళ్తున్నా. 209 ప్రైమర్‌తో (మందుని అంటించే చిన్న టోపీ) పేలే 50 క్యాలిబర్ ఇన్‌లైన్, అంటే ప్రైమర్ మందుకి సరిగ్గా వెనకే ఉండే కొత్త రకం తుపాకీ, కొన్నాను. మందు పెల్లెట్లు (బిళ్ళలు) ఒక్కోటి 50 గ్రెయిన్లవి (మందునీ బుల్లెట్‌నీ లెక్కగట్టే చిన్న కొలమానం). కొట్లో కుర్రాడు మూడు వేయమన్నాడు, ఆఫీసులో వేటకెళ్ళే ఆయన రెండు చాలన్నారు. బుల్లెట్ సాబోలో (ప్లాస్టిక్ తొడుగు) పెట్టే 250 గ్రెయిన్లదా, బరువైన సీసం కోనికలా (మొన ఉన్న పొడుగు బుల్లెట్)? మా స్టాండ్ మీద నుంచి 90 గజాల తర్వాత అంతా పొదలే, ఏమీ కనిపించదు.

మూడుపెల్లెట్లు (ఇండియానా)
మూడు వేయి తమ్ముడూ. నీ తుపాకీ మాన్యువల్‌లో 150 వరకు వేయొచ్చని రాసి ఉంటేనే సుమా. 250 గ్రెయిన్ల పాలిమర్ మొన బుల్లెట్, సాబోతో. 100 గజాల దగ్గర రెండంగుళాలు పైకి తగిలేలా స్కోప్ సరిచేసుకుంటే, 150 గజాల దాకా లెక్కలతో పెద్దగా పని ఉండదు. ఆరు సీజన్లుగా నాది మూడు పెల్లెట్లే.

చెకుముకి (పెన్సిల్వేనియా)
ఆ అబ్బాయి 90 గజాలు అని రాశాడు. 150 గజాల లెక్క ఎవరికి చెబుతున్నట్టు?

బాబూ, క్రిస్మస్ తర్వాత మాకు వచ్చే ఫ్లింట్‌లాక్ (చెకుముకి రాయి నిప్పురవ్వతో పేలే తుపాకీ) సీజన్‌లో నేను వేసేది 70 గ్రెయిన్ల పొడి మందు, నూనె గుడ్డలో చుట్టిన 0.490 అంగుళాల సీసం గుండు. ఆ గుండు బరువు 177 గ్రెయిన్లే. 60 గజాల్లోపు పక్కటెముకల మధ్య నుంచి దూసుకెళ్ళి అవతల పడుతుంది. గుండ్రంది కాబట్టి వేగం త్వరగా చచ్చిపోతుంది, అందుకే ఆ దూరం దాటి నేను పేల్చను.

నీ తుపాకీకి రెండు పెల్లెట్లు చాలు. నమ్మకం కుదరకపోతే మంచు పడిన రోజు రేంజికి వెళ్ళి మూడు వేసి పేల్చు. తర్వాత గొట్టం ముందు నాలుగైదు గజాలు నడిచి మంచు మీద చూడు. కాలకుండా పడిన మందు తునకలు తెల్లటి మంచు మీద మిరియాల పొడి చల్లినట్టు కనిపిస్తే, ఆ మూడో పెల్లెట్‌తో నీ భుజానికి దెబ్బ తప్ప జింకకి అదనంగా చేరేది తక్కువే.

రాకీకొండలు (కొలరాడో)
మా రాష్ట్రంలో ఈ గొడవే లేదు. మజిల్‌లోడర్ సీజన్‌లో పెల్లెట్లూ సాబోలూ స్కోపులూ అన్నీ నిషేధం. పొడి మందు, కోనికల్ లేదా గుండు, అంతే.

మూడుపెల్లెట్లు (ఇండియానా)
మంచు మీద తునకలు నేనూ చూశాను. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టి కూడా చూశాను. రెండో పెల్లెట్ ఇచ్చినంత వేగం మూడోది ఇవ్వదు, ఒప్పుకుంటా. కానీ ఇస్తుంది. సోయా చేలల్లో వేటాడేవాళ్ళకి అది కావాలి. అందరికీ మీలా అడవి అంచున కూర్చునే వీలుండదు.

తూకంరాళ్ళు (న్యూజెర్సీ)
గ్రెయిన్లు అంటున్నారు, తూకమా, కొలతా? ఈ ఒక్క మాట ఎవరూ చెప్పట్లేదు. బ్లాక్ పౌడర్‌కి (పాతకాలపు నల్ల తుపాకీ మందు) బదులు వాడే పొడి మందులు కొలపాత్రతో కొలవాలి. బ్లాక్‌హార్న్ 209 అనే పొడి మందు కొలతలో 100 గ్రెయిన్లంటే తూకంలో సుమారు 70. అది తెలియక త్రాసులో 100 తూచి పోస్తే కొలతలో 140 దాటుతుంది. ఆ మందుకి హద్దు కొలతలో 120.

మూడుపెల్లెట్లు (ఇండియానా)
ఆ అబ్బాయి వాడేది పెల్లెట్లు. త్రాసుతో పనేముంది?

తూకంరాళ్ళు (న్యూజెర్సీ)
ఇవాళ పెల్లెట్లు, రేపు పొడి మందు కొంటాడు. మామూలు రైఫిల్ తూటాల్లో పోసే పొగరాని మందు కూడా పొడే కదా అని పోసేవాళ్ళున్నారు. గొట్టం పగిలి చెయ్యి పోతుంది. అందుకే చెప్పాను.

జీవకారుణ్యం
ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం. అమెరికా వెళ్ళి ఇదేం సరదా?

చెకుముకి (పెన్సిల్వేనియా)
అమ్మా, ఇక్కడ లైసెన్సు, ట్యాగు (జింకకి అనుమతి చీటీ) ఉంటాయి. ఎన్ని కొట్టాలో రాష్ట్రం చెబుతుంది. కొట్టిన జింక మాంసం మా ఇంట్లో చలికాలమంతా వండుకుంటాం. మీ బాధ అర్థమైంది. నా బాధ కూడా దాని పక్కదే: కొట్టిన జింకని పోగొట్టుకోవడం.

పేరు చెప్పను గానీ, పోయినేడాది నాతో ఒకాయన వచ్చారు. మూడు పెల్లెట్లు, పాలిమర్ మొన. 35 గజాల్లో ఆడజింక, భుజం మీద దెబ్బ. ఆ వేగానికి బుల్లెట్ ఎముక దగ్గరే చితికిపోయింది. అవతలికి రంధ్రం లేదు. ఇవతలి రంధ్రానికి కొవ్వు అడ్డుపడింది. ఎండుటాకుల మీద చిటికెన వేలి గోరంత నెత్తుటి బొట్లు మూడు, తర్వాత ఏమీ లేదు.

మూడుపెల్లెట్లు (ఇండియానా)
పేరు చెప్పకపోతే ఏం, అందరికీ అర్థమైంది, అది నేనే. బుల్లెట్ చితికిపోయిందని ఎలా చెబుతారు? మనకి జింకే దొరకలేదు కదా.

చెకుముకి (పెన్సిల్వేనియా)
ఎందుకు దొరకలేదు? గంట వెతికి, పాప బర్త్‌డేకి టైమైందని కారెక్కావు. నేను టార్చితో రాత్రి పదిదాకా వాగు గట్టంతా తిరిగాను. మోకాలు పట్టేసి రెండు వారాలు మెట్లు ఎక్కలేకపోయాను. పెల్లెట్లు రెండా మూడా అని నీతో ఏడాదిగా కొట్లాడుతున్నాను గానీ, నా కోపం దాని మీద కాదు. దెబ్బ తిన్న జీవాన్ని వదిలేసి వెళ్ళావు.

రాకీకొండలు (కొలరాడో)
ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకోండి అన్నా.

మూడుపెల్లెట్లు (ఇండియానా)
ఇక్కడే చెబుతా. మర్నాడు తెల్లారి ఐదింటికి బయల్దేరి మళ్ళీ వచ్చాను. మీరు మాట్లాడే స్థితిలో లేరని మీకు ఫోన్ చేయలేదు. వాగుకి అవతల, ముళ్ళపొదలో దొరికింది. కొయోట్లు తినేశాయి. భుజం ఎముక దగ్గర బుల్లెట్ రాగి తొడుగు ఒక్కటే దొరికింది, సీసం లేదు. ఆ తొడుగు ఇప్పటికీ నా వేట సంచి జేబులో ఉంది.

మూడు పెల్లెట్లు మానలేదు, మానను. బుల్లెట్ మార్చాను. ఇప్పుడు మొత్తం రాగిదే వాడుతున్నా, చితకదు. దగ్గర దెబ్బకి భుజం మీద కాకుండా దాని వెనక కొడుతున్నా.

చెకుముకి (పెన్సిల్వేనియా)
తొడుగు దొరికిందని నాకు ఒక్క మాట చెప్పాల్సింది.

మూడుపెల్లెట్లు (ఇండియానా)
చెప్పాల్సింది బాబాయ్.

కొత్తలైసెన్స్ (ఒహాయో)
రెండు పెల్లెట్లతోనే మొదలుపెడతాను. శనివారం రేంజికి వెళ్తున్నా, రాగి బుల్లెట్, కోనికల్ రెండూ కాగితం మీద చూస్తా. రెండో బుల్లెట్ దింపేటప్పుడు సగంలో బిగుసుకుంటోంది, కడ్డీ మీద బరువంతా వేయాల్సి వస్తోంది. నా తప్పా, సాబో తప్పా?

చెకుముకి (పెన్సిల్వేనియా)
మసి. ప్రతి దెబ్బకీ తడిగుడ్డ ఒకటి, పొడిగుడ్డ ఒకటి లోపలికి పంపు. ఖాళీ గొట్టం తుడిచాక మందూ బుల్లెట్టూ పూర్తిగా దిగినప్పుడు కడ్డీ ఎక్కడిదాకా వస్తుందో అక్కడ గీత పెట్టుకో. గీత గొట్టం మూతికి రాకుండా ట్రిగ్గర్ నొక్కకు, మందుకీ బుల్లెట్‌కీ మధ్య సందు ఉంటే గొట్టం ఉబ్బుతుంది. లోడు మారిస్తే గీత మళ్ళీ పెట్టాలి.