ఉల్కల్లో గంధకం-33 తేడా: ఇది అతినీలలోహిత కాంతి పనేనా?

తోకచుక్క:
గంధకానికి నిలకడైన ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) నాలుగు: 32, 33, 34, 36. మామూలు రసాయన చర్యల్లో ఇవి బరువును బట్టి వేరుపడతాయి. 34 ఎంత పెరిగితే 33 అందులో దాదాపు సగం, కచ్చితంగా చెప్పాలంటే 0.515 వంతు, పెరగాలి. ఒకప్పుడు కరిగి గడ్డకట్టిన చిన్న గ్రహాల నుంచి వచ్చిన కొన్ని ఉల్కలు ఈ లెక్కకు లొంగవు. వాటిలో 33 కాస్త ఎక్కువ ఉంటుంది. బాల సూర్యుడి అతినీలలోహిత కాంతే దీనికి కారణమని 2005లో వినయ్ రాయ్, మార్క్ థీమెన్స్ బృందం వాదించింది. 2014 తర్వాత ఆ మాటను కాదనడం కష్టమని నేనంటాను. ఒప్పుకోనివాళ్లు చెప్పండి.

లెక్కల మాస్టారు:
తేడా ఎంతో చెప్పలేదేం తమ్ముడూ? లక్షకు రెండో నాలుగో వంతులు! వాటిలోని ఇనుప ఉల్కలు కోట్ల ఏళ్లు విశ్వకిరణాల (అంతరిక్షంలో మహా వేగంగా దూసుకొచ్చే కణాల) దెబ్బలు తిన్నవి. ఆ కిరణాలు ఇనుము కేంద్రకాన్ని పగలగొడితే వచ్చే ముక్కల్లో గంధకం-33 కూడా ఉంటుంది. హల్‌స్టన్, థోడ్ 1965లోనే దాన్ని కొలిచి చూపించారు. ఇంత సులువైన కారణం చేతిలో ఉండగా 456 కోట్ల ఏళ్ల నాటి సూర్యుడి దాకా పోవడం దేనికి?

కెమిస్ట్రీ లత:
మాస్టారూ, ఏ భాగంలో కొలిచారన్నది చూడాలండి. 1965లో కొలిచింది లోహపు భాగంలో. అక్కడ గంధకం బహు స్వల్పం, అందుకే కిరణాల వల్ల పుట్టిన కొద్దిపాటి 33 కూడా కొట్టొచ్చినట్టు కనిపించింది. ఇప్పుడు చూస్తున్నది ట్రాయిలైట్. ఇనుము మధ్యలో కంచు రంగులో ఉండే ఈ సల్ఫైడ్ ముద్దల బరువులో మూడో వంతుకు పైగా గంధకమే.

కొలిచే పద్ధతి కూడా చెప్తాను. ట్రాయిలైట్‌ని ఆమ్లంలో కరిగిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. దాన్ని వెండి ద్రావణంలో పట్టి నల్లటి సిల్వర్ సల్ఫైడ్‌గా మారుస్తారు. తర్వాత ఫ్లోరిన్‌తో కలిపి సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ వాయువు చేసి, అణువులను బరువును బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపుతారు. ఫ్లోరిన్‌కు ఒక్కటే ఐసోటోపు కాబట్టి, కనిపించే బరువు తేడా అంతా గంధకానిదే. లక్షకు రెండు వంతుల తేడాను నమ్మగలుగుతున్నామంటే ఈ జాగ్రత్త వల్లే.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. విశ్వకిరణాలు 33, 36 రెండిటినీ పెంచుతాయి గానీ తగ్గించలేవు. 2014లో ఆంటొనెల్లీ బృందం 'త్రీ-ఎఫ్' వర్గం ఇనుప ఉల్కల్లో 33 తక్కువగా ఉందని చూపించింది. ఈ లోటుకు కిరణాల దగ్గర జవాబు లేదు. కాంతి సిద్ధాంతం మాత్రం దీన్ని ముందే అడిగింది: ఒకచోట 33 పోగైతే ఇంకోచోట తగ్గి తీరాలి కదా!

నక్షత్రధూళి:
లతగారూ, కిరణాల సంగతి ఒప్పుకుంటాను. కానీ మాలిబ్డినం ఐసోటోపుల ప్రకారం ఆ త్రీ-ఎఫ్ వర్గం గురుగ్రహం అవతల పుట్టిన గుంపులోది. 33 ఎక్కువున్న ఇనుప ఉల్కలేమో లోపలి గుంపువి. సూర్యుడు పుట్టకముందే వేర్వేరు నక్షత్రాల ధూళి రెండు చోట్లా వేర్వేరు పాళ్లలో కలిసిందని ఎందుకు అనుకోకూడదు? 2014 పేపర్ ఈ గంధకం అంతా సూర్యుడికి దగ్గర్లో, రెండు ఖగోళ ప్రమాణాల (భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి రెట్టింపు) లోపే తయారైందంటోంది. మరి అది అంత దూరం ఎలా వెళ్లింది?

తోకచుక్క:
చాలా మంచి ప్రశ్న అన్నా. ధూళే కారణమైతే అవతలి గుంపు కాండ్రైట్లలోనూ, అంటే ఎప్పుడూ కరగని రాతి ఉల్కల్లోనూ, ఆ ముద్ర కనబడాలి. కానీ మొత్తం రాయిగా కొలిస్తే కాండ్రైట్లు, భూమి, చంద్రుడు, అంగారకుడు అన్నీ సున్నాకు దగ్గరే. లోపలి గుంపుకే చెందిన 'వన్-ఏబీ' ఇనుము కూడా అంతే. అంటే గంధకం తేడా మాలిబ్డినం గీసిన గీతను పాటించడం లేదు. 33 లెక్క ఎక్కువగా చెదిరినవి సౌరకుటుంబపు తొలి పది లక్షల ఏళ్లలో తయారైన గ్రహశకలాల ఇనుములే. బాల సూర్యుడి అతినీలలోహిత కాంతి మహా ఉధృతంగా ఉన్న కాలం అది. కాండ్రైట్ల మాతృశకలాలు ఆ తర్వాతెప్పుడో తయారయ్యాయి.

లెక్కల మాస్టారు:
ఆ ఉధృతమైన కాంతి అంత దట్టమైన ధూళిలోంచి లోపలికి ఎలా దూరింది?

కెమిస్ట్రీ లత:
లోపలి దాకా రానక్కర్లేదండి. బాల సూర్యుడి చుట్టూ ఉన్న వాయువు, ధూళి చక్రం పైపొరల్లో ధూళి పలచన. హైడ్రోజన్ వెలువరించే 121.6 నానోమీటర్ల కాంతి అక్కడి హైడ్రోజన్ సల్ఫైడ్‌ని విడగొడితే చాలు. ఇలాంటి కాంతి ఈ వాయువును విడగొట్టేటప్పుడు బరువు లెక్క తప్పుతుందని సుబ్రత చక్రవర్తి బృందం 2013లో బర్క్‌లీ సింక్రోట్రాన్ (తీవ్రమైన కాంతిని పుట్టించే యంత్రం) దగ్గర చేసిన ప్రయోగాల్లో తేలింది. అలా విడివడిన గంధకం కిందికి కలిసి, వాయువు సుమారు 700 కెల్విన్‌కు చల్లబడ్డాక ఇనుప రేణువులను పట్టుకుని ట్రాయిలైట్ అవుతుంది. నాకు మిగిలిన సందేహం నక్షత్రధూళిగారిదే: త్రీ-ఎఫ్ లోటు అక్కడే పుట్టిందా, లోపలి నుంచి వెళ్లిందా? అవతలి గుంపులోని మిగతా ఇనుప వర్గాల్లో 33, 36 రెండూ కలిపి చూస్తే గానీ దీనిమీద నేను ఏ పక్షమూ పట్టను.