టవర్ లేని మిలిటరీ నెట్‌వర్క్ స్లో అయిపోతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: సైనికుల రేడియోలే ఒకదానికొకటి రిలే చేసుకునే మానెట్ మీద ప్రాజెక్ట్ చేస్తున్నా, సిమ్యులేటర్‌లో 10 నోడ్స్‌కి (అంటే 10 రేడియోలకి) బానే ఉంది, 60 పెట్టగానే పడకేసింది, పవర్ పెంచితే సరిపోద్దా?

రిప్లై: వద్దు బ్రో. రేంజ్ పెరిగితే ఒకటి మాట్లాడుతున్నంతసేపూ చుట్టూ ఉన్న రేడియోలన్నీ నోరు మూసుకుని ఆగాలి, పైగా శత్రువుకి మన అడ్రస్ మనమే ఇచ్చినట్టు. నోడ్స్ పెరిగేకొద్దీ ఒక్కోదానికి దక్కే స్పీడ్ తగ్గుద్దని గుప్తా, కుమార్ అనే రీసెర్చర్లు 2000లోనే లెక్కగట్టారు.

రిప్లై: రేడియోల మధ్య దారి వెతికే ప్రోటోకాల్ ఏంటి? ఓఎల్ఎస్ఆర్ అయితే పనున్నా లేకున్నా డీఫాల్ట్‌గా 2 సెకన్లకోసారి పక్క రేడియోలకి హలో మెసేజ్ కొడుతూనే ఉంటది. ఏఓడీవీ అవసరమైతేనే దారి వెతుకుద్ది, కానీ బండ్లు స్పీడ్‌గా కదిలితే ఆ దారి తెగి మళ్లీ వెతుకులాటే.

ప్రశ్న అడిగినవాడు: ఓఎల్ఎస్ఆరే అన్నా.

రిప్లై: అయితే రేడియోల్ని చిన్న గుంపులుగా (క్లస్టర్లు) చెయ్. సెక్షన్ (చిన్న సైనిక జట్టు) మాటలు సెక్షన్‌లోనే, కమాండర్ రేడియో ఒక్కటే పైకి. వీడియోకి లాస్ట్ ప్రయారిటీ.