గుణవృక్షకం: ఓడకొయ్యకు ఈ పేరెలా వచ్చింది?

అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒక మాట నన్ను వదలడం లేదు. మీ ముందు పెడితే ఇంకొంచెం తెలుస్తుందని రాస్తున్నాను.

నేను కొయ్యతో తెరచాప ఓడల నమూనాలు కడుతుంటాను. ఇప్పుడు బల్ల మీద ఉన్నది 1765లో నీళ్ళలోకి దిగిన విక్టరీ అనే యుద్ధనౌక. స్కేలు 1:72, అంటే అసలు ఓడలో 72 అడుగులున్నది నా దగ్గర ఒక్క అడుగు. పక్కల పలకలన్నీ అతికించడం, ఉప్పుకాగితంతో రుద్దడం అయిపోయింది. మాస్టులు, అంటే ఓడ మీద నిటారుగా నిలిచే పొడవాటి కొయ్యలు, నిలబెట్టి తాళ్ళు కట్టే దశకు వచ్చాను. చేసిన పనంతా తెలుగులో రాసి పెట్టుకోవడం నాకు అలవాటు. ఎప్పుడూ మాస్ట్ దగ్గరే పెన్ను ఆగుతుంది. ఇన్నాళ్ళూ తెరచాప కొయ్య అని నెట్టుకొచ్చాను. కానీ ఇలాంటి ఓడలో పెద్ద తెరచాపలు వేలాడేది మాస్టుకు అడ్డంగా కట్టిన కొయ్యలకి. అప్పుడు ఏది తెరచాప కొయ్య?

అమరకోశం తీసి చూశాను. నీళ్ళకు సంబంధించిన పేర్లుండే వారివర్గంలో ఈ పాదం కనిపించింది:

నియామకాః పోతవాహాః కూపకో గుణవృక్షకః

ఓడ నడిపేవాళ్ళకు రెండు పేర్లు, ఓడకొయ్యకు రెండు పేర్లు. కూపకం, గుణవృక్షకం. రెండోది చదవగానే చేతిలో పని ఆపేశాను. ఇక్కడ గుణం అంటే మంచి గుణం, చెడ్డ గుణం కాదు. తాడు. తాళ్ళు కట్టిన చెట్టు. తెరచాప పేరు ఎక్కడా లేదు, గాలి మాట లేదు. ఆ కొయ్యను చూసినవాళ్ళకు ముందు కనిపించింది తాళ్ళే.

ఇది నాకెందుకంత నచ్చిందో చెప్పాలంటే నా మొదటి ఓడ సంగతి చెప్పాలి. అందులో మాస్టును రంధ్రంలో దించి జిగురు పెట్టి బిగించేశాను. ఇక అది కదలదు, తాళ్ళు అందం కోసమే అనుకున్నాను. కుడివైపు తాళ్ళన్నీ ఒకేసారి కట్టేసి పడుకున్నాను. పొద్దున ముందు నుంచి చూస్తే కొయ్య పైభాగం కుడికి వంగి ఉంది. సరిచేద్దామని ఎడమవైపు తాళ్ళు గట్టిగా లాగి కట్టాను. ముందు రోజు కట్టినవన్నీ వదులై వేలాడాయి. కొయ్యను తాళ్ళే పట్టుకుంటాయని ఆ పొద్దున తెలిసింది. ఇప్పుడు కుడి పక్క ఒక జత కడితే వెంటనే ఎడమ పక్క ఒక జత కడతాను. అసలు ఓడల్లోనూ వరస అదే.

ఈ మాట మన కావ్యాల్లో, నిఘంటువుల్లో ఇంకెక్కడైనా తగిలిందా? గుణానికి తాడు అన్న అర్థం తెలుగులో ఎక్కడైనా మిగిలిందా?

వ్యాఖ్య:
మిగిలిందండీ. వింటినారిని గొనయం అంటాం కదా, అది గుణం నుంచి వచ్చినదే. గుణధ్వని అంటే ధనుస్సు నారి మోగిన చప్పుడు. పద్యాల్లో యుద్ధ వర్ణన చదివిన వాళ్ళకి ఇది కొత్త కాదు. సత్త్వరజస్తమస్సులను గుణాలు అనడంలో కూడా పేటల ఊహ ఉందని చెప్తారు, మూడు పేటలు కలిసి పేనుకున్న తాడులాగా. మీరు తాడు దగ్గర మొదలుపెట్టారు, మేము స్వభావం దగ్గర మొదలుపెట్టాం, అంతే తేడా.

వ్యాఖ్య:
మాస్టారూ, నాకో సందేహం. చెట్టుకు తాళ్ళు కట్టారు కాబట్టి గుణవృక్షకం అన్నారు, బాగుంది. మరి కూపకం ఏమిటి? కూపం అంటే బావి కదా. ఓడ నడుమ బావి ఎందుకొచ్చింది?

జవాబు:
మంచి ప్రశ్న వేశారండీ. ఇది నా ఊహ మాత్రమే, వ్యుత్పత్తి తెలిసినవాళ్ళు సరిదిద్దండి. కూపానికి గొయ్యి, గుంట అనే అర్థం కూడా ఉంది. మాస్టు ఓడ పైకప్పు (డెక్కు) మీద ఊరికే నిలబడదు. కప్పుల్లో చేసిన రంధ్రాల గుండా కిందికి దిగి, ఓడ అడుగున వెన్నుదూలం మీద ఉన్న గుంటలో కూర్చుంటుంది. నమూనాలో కూడా అంతే, కొయ్య కింది కొసను పలకగా చెక్కి ఆ గుంటలో దించుతాం. ఆ గుంటను బట్టే కూపకం అయ్యుంటే, ఒకే పాదంలో కొయ్య రెండు కొసలూ ఉన్నట్టు: కింద గుంట, పైన తాళ్ళు. ఇప్పుడు నేను కొయ్యకు జిగురు పెట్టడం మానేశాను. గుంటలో వదులుగా నిలబెట్టి, వెనక్కి ఎంత వాలాలో తాళ్ళతోనే సరిచూస్తాను.

వ్యాఖ్య:
వృక్షం అనడం కూడా ఉత్త పోలిక కాదేమో. పొడవాటి చెట్టునే కదా నిలబెట్టేది.

జవాబు:
చిన్న ఓడల్లో అవునండీ, ఒక్క చెట్టే. పెద్ద యుద్ధనౌకల్లో మాస్టు అన్నిటికన్నా కింది భాగానికి ఒక్క చెట్టు లావు చాలేది కాదు. కొన్ని దుంగలను ఒకదానికొకటి కుదిరేలా చెక్కి జతచేసి, పైన తాడు చుట్లతోనో ఇనప పట్టీలతోనో బిగించేవారు. దాని పైన రెండో కొయ్య, ఆ పైన మూడో కొయ్య. నేను ఆ చుట్లు దారంతో వేస్తున్నాను, ఒక్కో పట్టుకు పది పన్నెండు చుట్లు, దారం దారాన్ని ఆనుకుని ఉండాలి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కకూడదు. అది వేస్తున్నప్పుడు కూడా గుణవృక్షకం అన్న మాటే నోట్లో ఆడుతుంది. ఇందులో చెట్టునే తాడుతో చుట్టి తయారుచేశారు.

వ్యాఖ్య:
సంస్కృతం సరే, తెలుగు మాటలు కూడా చూడండి. తెరచాపలో చాప ఉంది. ఒకప్పుడు అల్లిన చాపలనే గాలికి ఎత్తేవారని ఆ మాటే చెప్తుంది. తమిళంలో పాయ్ అంటే చాప, తెరచాప కూడా అదే. చుక్కాని ఇంకా అందమైన మాట. చుక్కలను ఆనవాలుగా పెట్టుకుని నడిపేది కాబట్టి చుక్కాని.

జవాబు:
చాప విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. చుక్కాని దగ్గర మాత్రం ఒప్పుకోలేను, క్షమించాలి. అది అరబ్బీ సుక్కాన్ నుంచి వచ్చింది, అక్కడ కూడా ఓడను తిప్పే పలకే. తమిళంలో సుక్కాన్ అనే ఉంది. లంగరు పారసీకం. రేవుల్లో సరుకుతో పాటు మాటలూ దిగాయి. చుక్కలతో ముడిపెట్టకపోయినా ఆ మాట విలువ తగ్గదు. ఎన్ని దేశాల నావికుల నోళ్ళలో నలిగి మన దాకా వచ్చిందో చూడండి.

శ్రీనాథుడి హరవిలాసంలో అవచి తిప్పయసెట్టి వర్తకం గురించి చెప్పేచోట కప్పలి, జోంగు, వల్లి అంటూ ఓడల రకాల పేర్లే వరసగా వస్తాయి. ఓడల గురించి మనకు మాటలు లేవని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది.

వ్యాఖ్య:
రిగ్గింగ్‌కి, అంటే ఓడ మీది తాళ్ళన్నిటికీ కలిపి, ఏం రాస్తున్నారు అన్నయ్యా? అదొక్కటే నాకు కుదరడం లేదు. రజ్జువ్యవస్థ అని ఒకచోట చూశాను, నోటికి ఎక్కలేదు.

జవాబు:
నేను తాళ్ళకట్టు అంటున్నాను తమ్ముడూ. పంచెకట్టు, తలకట్టు ఉన్నట్టే తాళ్ళకట్టు. మన క్రియలో ఒక అదృష్టం ఉంది. తాడుతో బిగించడమూ కట్టడమే, ఇల్లు లేపడమూ కట్టడమే. హిందూ మహాసముద్రంలో మేకులు లేకుండా పలకలను కొబ్బరి తాడుతో కుట్టిన ఓడలు శతాబ్దాల పాటు తిరిగాయి. అలాంటి ఓడను కట్టారు అంటే రెండు అర్థాలూ ఒకేసారి నిజం.

ఇందులో కదలకుండా ఉండేవి, కదిలేవి అని రెండు రకాలు. మాస్టులను పట్టి ఉంచేవి కదలవు, తారు పూసి నల్లగా ఉంటాయి. తెరచాపలను ఎత్తి దించేవి కప్పీల గుండా తిరుగుతాయి, లేత రంగులో ఉంటాయి. నిలుపు తాళ్ళు, నడుపు తాళ్ళు అని రాసుకుంటున్నాను. ఇంతకన్నా మంచి మాట దొరికితే ఇవ్వండి.

విక్టరీలో తాళ్ళన్నీ కలిపితే 40 కిలోమీటర్లు దాటుతాయి. ఈ లెక్క తెలిశాక గుణవృక్షకం అన్న పేరు అతిశయోక్తి అనిపించదు.

వ్యాఖ్య:
దారం లావు ఎలా ఎంచుకుంటారు? కొడుకు కోసం చిన్న ఓడ మొదలుపెట్టాను, అంతా ఒకే దారంతో కట్టేశాను, ఏదో తేడాగా ఉంది.

జవాబు:
అమ్మా, చాలామంది అక్కడే పొరబడతారు, నేనూ పొరబడ్డాను. పాత లెక్కల్లో పది అంగుళాల తాడు అని ఉంటే అది చుట్టుకొలత, అడ్డుకొలత కాదు. చుట్టూ పది అంగుళాలుంటే లావు మూడు అంగుళాల పైచిలుకు, అంటే 81 మిల్లీమీటర్లు. 72తో భాగిస్తే 1.1 మిల్లీమీటరు. నేను మొదట పది అంగుళాలనే లావు అనుకుని మూడున్నర మిల్లీమీటర్ల తాడు కట్టాను, ఓడ మీద కొండచిలువ పాకినట్టు కనిపించింది. లావు తాళ్ళు పెద్ద మాస్టుకు, పైకి వెళ్ళేకొద్దీ సన్నవి. కట్టే ముందు దారాన్ని తేనెమైనం మీద ఒకటి రెండుసార్లు లాగండి, నూగు అణిగిపోతుంది. పీటముడి వెయ్యకండి, విప్పాల్సి వస్తే పట్టకారు కూడా పనిచెయ్యదు.

వ్యాఖ్య:
ముప్పిరిగొనడం అన్న మాట మీ పనిలోదే కదా? మూడు పురులు. ఆనందం ముప్పిరిగొంది అని రాస్తాం గానీ తాడు ఎవరూ తలుచుకోరు.

జవాబు:
నిజమండీ, నాకు అది తట్టనే లేదు, చాలా సంతోషం. పేట, పురి, పేనడం మూడూ నాకు రోజూ కావలసిన మాటలు. బజారు దారం ఓడకు నప్పదని తాడు నేనే పేనుకుంటాను. మూడు పేటలకూ విడివిడిగా ఒక వైపు పురి ఎక్కిస్తాను, తర్వాత మూడింటినీ కలిపి ఎదురు వైపు తిప్పుతాను. పేటలు విడిపోదామని చూస్తాయి, తాడు ఇంకో వైపు విడిపోదామని చూస్తుంది, ఒకదాన్నొకటి ఆపుకుని నిలిచిపోతాయి. రెండూ ఒకే వైపు తిప్పితే చెయ్యి వదలగానే విచ్చుకుపోతుంది.

ఇంకొకటి అడగాలి. మామూలు తాళ్ళు కుడి వైపు పురి తిరిగి ఉంటాయి. మాస్టును ముందుకు లాగి పట్టే పెద్ద తాళ్ళు కొన్ని, మూడు తాళ్ళను మళ్ళీ కలిపి పేనినవి, ఎడమ వైపు తిరుగుతాయి. ఈ తేడాకు తెలుగులో మాట ఉందా?

వ్యాఖ్య:
తమిళంలో వలంపురి శంఖం అంటారు, కుడివైపు పురి తిరిగినది. పురి అన్న మాట మనకూ ఉంది కాబట్టి కుడిపురి, ఎడమపురి అంటే ఎవరికైనా తెలుస్తుంది.

జవాబు:
అవే పెట్టుకుంటున్నాను. దారపు కండెలు రెండు డబ్బాల్లో ఉన్నాయి, ఇప్పటిదాకా వాటి మీద బాణం గుర్తులు గీసి ఉంచాను. ఇప్పుడే కాగితం ముక్కలు అతికించి కుడిపురి, ఎడమపురి అని రాశాను.