క్వారీ బండ్లకు బ్యాటరీ గ్రీజు గన్ కావాలా, లీవర్ గన్ చాలదా?

కరీంనగర్ క్వారీ: మాది గ్రానైట్ క్వారీ. ఒక పొక్లెయిన్, ఒక జేసీబీ. లీవర్ గన్‌తో పొద్దున్నే గ్రీజు కొట్టడానికి హెల్పర్‌కి గంటకు పైనే పడుతోంది. కింద బకెట్ పిన్నులకు కొట్టి, పైన బూమ్ (బండి పెద్ద చెయ్యి) నిపిళ్లు, అంటే గ్రీజు ఎక్కించే బొడిపెలు, వదిలేస్తున్నాడని మొన్న బుష్ (పిన్ను చుట్టూ ఉండే తొడుగు) అరిగి బండి ఊగితే గానీ తెలియలేదు. బ్యాటరీ గన్ కొందామని మా తమ్ముడు, దండగ అని మేస్త్రీ. మీరేమంటారు?

కాజీపేట మెకానిక్: మేస్త్రీ మాటే కరెక్ట్. బుష్‌లోకి గ్రీజు పోతుంటే లీవర్ మెత్తగా దిగుతుంది, నిపిల్ మూసుకుపోతే బిగుసుకుంటుంది. చేతికి తెలిసిపోతుంది. బ్యాటరీ గన్ ట్రిగ్గర్ నొక్కితే మోటార్ సౌండ్ తప్ప ఏం తెలియదు. ప్రెజర్ చాలదంటారా, మంచి లీవర్ గన్ 10,000 పీఎస్ఐ దాకా ఇస్తుంది.

పరకాల హార్వెస్టర్: అన్నా, మీరు షెడ్డులో నీడకు నిలబడి చెబుతున్నారు. యాసంగి కోతలప్పుడు రాత్రి పదకొండింటికి పొలంలో ఒక చేత్తో సెల్‌ఫోన్ లైటు, ఇంకో చేత్తో గన్ మూతి జారకుండా నిపిల్ మీద పట్టుకుంటే, లీవర్ దేంతో కొట్టాలి? నేను 18 వోల్టుల బ్యాటరీ గన్ కొన్నాక పని సగం టైములో అవుతోంది.

ఒకటి మాత్రం ఒప్పుకుంటా. కొన్న వారానికే ఒక బేరింగ్ సీలు బయటికి తన్నేసింది. ట్రిగ్గర్ కాస్త ఎక్కువసేపు నొక్కా, అంతే. సీలు పోయిన సందులోంచి వడ్ల దుమ్ము చేరి నాలుగు రోజులకు బేరింగే పోయింది. ఇప్పుడు సీలు బేరింగ్‌లకు పాత పిస్టల్ గన్నే వాడుతున్నా, రెండు నొక్కులతో ఆపేస్తా.

కాజీపేట మెకానిక్: చూశారా, నేను చెప్పిందే!

పరకాల హార్వెస్టర్: పొక్లెయిన్ పిన్నులు వేరు అన్నా. అక్కడ పాత గ్రీజు, రాళ్ల పొడి బయటికి వచ్చేదాకా కొట్టాల్సిందే. బ్యాటరీ గన్ అక్కడే పనికొచ్చేది.

భూపాలపల్లి డంపర్: రెండు బండ్లే కదా, ఇంత చర్చా? ఇరవై బండ్లుంటే సర్వీస్ వ్యాన్, గాలితో నడిచే గ్రీజు పంపు కావాలి. రెండింటికి ఏదైనా నడుస్తుంది. ఏ గన్ అయినా హోస్ మాత్రం చూసుకోండి. మా దగ్గర ఒకడు పగిలిన హోస్‌ను వేలితో మూసి కొట్టాడు. వేలి మీద సూది గుచ్చినంత చుక్క, నొప్పి కూడా లేదు. సాయంత్రానికి చెయ్యి వాచింది, ఆపరేషన్ చేసి లోపలి గ్రీజు తీయాల్సి వచ్చింది. అలా అయితే నొప్పి లేదని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి పోవాలి.

కాజీపేట మెకానిక్: క్వారీ తమ్మీ, కొత్తది కొనేముందు పాత గన్‌ని తూకం వెయ్. 20 స్ట్రోకులు పాలిథిన్ కవర్‌లోకి కొట్టి కాటా మీద పెట్టు. గన్‌ని బట్టి తేడా ఉంటుంది గానీ స్ట్రోకుకు 1 గ్రాము అటూఇటూ రావాలి.

కరీంనగర్ క్వారీ: పెట్టాను అన్నా. 20 స్ట్రోకులకు 9 గ్రాములే! డబ్బాలోంచి చేత్తో తీసి నింపుతాం కదా, మధ్యలో గాలి చిక్కింది. హెడ్ కాస్త వదులు చేసి గాలి తీస్తే 15 వచ్చింది. మిగతాది అరుగుదలే అనుకుంటా. అంటే ఇన్నాళ్లూ పది స్ట్రోకులు కొడితే అయిదు కూడా దిగలేదన్నమాట. పాపం, హెల్పర్‌ని ఊరికే తిట్టా.

పరకాల హార్వెస్టర్: డబ్బా మూత కూడా చూడు. గ్రానైట్ పొడి కలిసిన గ్రీజు బుష్‌లోకి పోతే ఆకురాయి పెట్టి రుద్దినట్టే. 400 గ్రాముల కార్ట్రిడ్జ్ కాస్త ఖరీదైనా దుమ్ముండదు.

కరీంనగర్ క్వారీ: కార్ట్రిడ్జ్ పట్టే కొత్త లీవర్ గన్, పొడుగు హోస్ తెస్తున్నా. బ్యాటరీ గన్ సంగతి దసరా తర్వాత. ఇంతకీ బూమ్ నిపిళ్లు ఎందుకు వదిలేస్తున్నావురా అని హెల్పర్‌ని అడిగితే "అన్నా, గన్ ఏదైనా సరే, ముందు నిచ్చెన తెప్పియ్" అన్నాడు.

కాజీపేట మెకానిక్: నిచ్చెన ఎందుకు? ఆపరేటర్‌ని బూమ్ పూర్తిగా నేలకు దించి ఇంజిన్ ఆపమను. ఆ రెండు నిమిషాలు ఆగడానికే వాడికి బద్ధకం.